మూల కొట్టులో కునుకు

రాజమండ్రి బజారులో కొత్త కొట్టు తెరవాలనుకునే వర్తకుడు ఆ రోజుల్లో ముందు అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి వ్రతం చేయించుకునేవాడు. తర్వాత సిద్ధాంతి దగ్గర ముహూర్తం పెట్టించుకునేవాడు. ఆ రెండూ అయ్యాక గున్నేశ్వరరావు దగ్గరికొచ్చి, "మా కొట్టులో తమరు ఓ కునుకు తియ్యాలండి" అని బతిమాలుకునేవాడు. మొదటి రెండిటికీ శాస్త్రం ఉంది. మూడోదానికి ఏ శాస్త్రమూ లేదు, అయినా ఊరు నమ్మింది. నమ్మకం జలుబు లాంటిది. ఒకరికి పట్టుకుంటే బజారంతా తుమ్ముతుంది.

గున్నేశ్వరరావు అచ్చిబాబు గారి దగ్గర మేనేజరు. అచ్చిబాబు గారిది తాతల నాటి బట్టల వ్యాపారం. గోదావరి మీద కొత్త వంతెన పడి, కొవ్వూరు వైపు నుంచి జనం బస్సుల్లో వచ్చి ఊళ్ళో దిగడం మొదలయ్యాక, బట్టలు అమ్మడం కన్నా బట్టలు అమ్మేవాళ్ళకి కొట్లు అద్దెకివ్వడం సుఖమని ఆయనకు తోచింది. పాత పెంకుటిళ్ళు కొని, పడగొట్టి, వరసకొట్లు కట్టించారు. కట్టడం మేస్త్రీల పని. ఏ కొట్టు ఎవరికివ్వాలి, ఎవరి పక్కన ఎవరుంటే ఇద్దరూ బాగుపడతారు, ఎవరికిస్తే ఏడాది తిరక్కుండా షట్టరు దించుకుని పోతాడు, ఇదంతా గున్నేశ్వరరావు పని. అతని విజిటింగ్ కార్డు మీద ప్రాపర్టీ మేనేజర్ అని ఇంగ్లీషులో ఉండేది. జనం మాత్రం షాపుల గున్నేశ్వరరావు గారు అనేవారు. కొత్తపేట దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, పొగాకు గోడౌన్లో గుమస్తాగా మొదలైనవాడికి ఆ పేరు జమీందారీ బిరుదు కన్నా ఎక్కువే.

కునుకు సంగతి ఎలా మొదలైందో వింటే నవ్వొస్తుంది. డెబ్బై ఆరో డెబ్బై ఏడో, ఎండలు ముదురుతున్న రోజులు. జాంపేట వైపు కట్టిన మొదటి వరసలో చివరి కొట్టు పడమటి ముఖం. పొద్దువాలే వేళకి ఎండ నేరుగా లోపలికి కొడుతుందని ఎవరూ తీసుకోవడం లేదు. ఆ మధ్యాహ్నం గున్నేశ్వరరావు ఇంటికెళ్ళి ఆవపెట్టిన పనసపొట్టు కూరతో అన్నం తిని వచ్చాడు. ఆ కూర తిన్నవాడు మెలకువగా ఉండాలంటే యోగి అయినా అయ్యుండాలి, రోగి అయినా అయ్యుండాలి. ఖాళీ కొట్టులో గచ్చు చల్లగా తగిలేసరికి తువ్వాలు పరిచి నడుం వాల్చాడు.

కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో స్టీలు సామాన్ల వ్యాపారి ఒకాయన నిలబడి ఉన్నాడు. ముఖం తెలిసిన మనిషే. మేనేజరు పట్టపగలు డ్యూటీలో నిద్రపోతూ దొరికిపోతే పరువేం కావాలి? గున్నేశ్వరరావు తొణక్కుండా లేచి కూర్చున్నాడు.

"రండి రండి. ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నానండి."

"పడుకుని ఉన్నారు కదండీ."

"కొట్టుకి ఏం కావాలో తెలియాలంటే అందులో ఓ కునుకు తియ్యాలండి. బిందెలు కనపడ్డాయండి. పడమటెండ పడి తళతళా మెరిసిపోతున్నాయి."

ఆ పెద్దమనిషి గోడల వంక చూశాడు, ఎండ వంక చూశాడు, గున్నేశ్వరరావు చెంప మీద తువ్వాలు అచ్చు వంక చూశాడు. అంతమంది దోషమని వదులుకున్న ఎండే ఆయనకు హఠాత్తుగా దీపాల ఖర్చు లేని వెలుగులా కనిపించింది. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పక్క కొట్టు కూడా ఆయనే తీసుకున్నాడు. ఇంకేముంది, కథ బజారెక్కింది. గృహప్రవేశం అయ్యాక ఇంటివాళ్ళు కొత్త ఇంట్లో నిద్ర చెయ్యాలంటారు కదా, మరి కొట్టులో ఎవరు నిద్ర చేస్తారు, అందుకే గున్నేశ్వరరావు గారు చేస్తున్నారు అని ఒక ముసలి వర్తకుడు వ్యాఖ్యానం కూడా చెప్పాడు. అప్పటినుంచి అది ఆచారమైపోయింది. తుంగచాప, దిండు, మరచెంబుతో మంచినీళ్ళు కొట్టు తీసుకునేవాళ్ళే తెచ్చి పెట్టేవారు. పడుకున్నంతసేపూ బయట నిలబడి, దారినపోయేవాళ్ళని "ష్, కునుకులో ఉన్నారు" అని వారించేవారు.

ఇందులో మోసం లేదా అంటే ఉంది, కానీ మీరు అనుకున్నంత లేదు. గున్నేశ్వరరావుకి పుట్టి బుద్ధెరిగాక ఒక్క కలా రాలేదు. పడుకుంటే దుంగే. అయితే ఆ మొదటి రోజు తప్ప, కొట్లలో పడుకున్నప్పుడు అతను నిద్రపోయేవాడు కాదు, కళ్ళు మూసుకుని వినేవాడు. కళ్ళు తెరిచి ఉంటే వీధి బొమ్మలా కనిపిస్తుంది. మూసుకుంటే తన గుట్టు చెబుతుంది. గాజుల చప్పుడు నిదానంగా సాగుతోందంటే అక్కడ ఆడవాళ్ళు ఆగి చూస్తారు. చెప్పుల చప్పుడు గబగబా పోతోందంటే అక్కడ టీ కొట్టు తప్ప ఏదీ నిలబడదు. సైకిల్ బెల్లులు ఒకచోట ఎక్కువ మోగుతున్నాయంటే అక్కడ రోడ్డు ఇరుకు, బరువు సామాన్ల బేరం పెట్టకూడదు. ఇవన్నీ కూర్చుకుని, ఆవులించి లేచి, "దుప్పట్లు కనపడ్డాయండి" అనేవాడు. విన్నానంటే ఎవరూ నమ్మరు, కలలో చూశానంటే చెంపలేసుకుంటారు. లోకం అలా ఉంటే మధ్యలో అతనేం చేస్తాడు?

ఈ రహస్యం తెలిసింది ఒక్క లోవలక్ష్మికే. ఆమె అతని భార్య, పుట్టిల్లు నరసాపురం. ఆ ఊరి ఆడపిల్ల పలక కన్నా ముందు లేసు సూది పడుతుందంటారు. లోవలక్ష్మి విషయంలో అది నిజం. కూర ఉడుకుతున్నంతసేపూ, బస్సు వచ్చేలోగా, కబుర్లు చెబుతూ, ఆఖరికి అలిగి కూర్చున్నప్పుడు కూడా వేళ్ళ మధ్య సూది ఆడుతూ ఉండేది. ఒడిలో దారపుండ, దాంట్లోంచి తెల్లగా పువ్వులు, పిందెలు, హంసలు బయటికి వచ్చేవి.

"కలలమ్ముకునే మనిషి ఇంట్లో మాత్రం గురకే పెడతాడు" అని ఆమె ఎక్కిరించేది.

"గురక కొనేవాడు దొరికితే అదీ అమ్ముతానే" అనేవాడు అతను.

వాళ్ళకి ఒక్కతే కూతురు సత్యకుమారి. ఆ పిల్లకి పెళ్ళి చేసి తణుకు పంపించాక ఇల్లు బోసిపోయింది. ఆ బోసితనాన్ని లోవలక్ష్మి లేసుతో నింపింది. వీధిలో ఆడవాళ్ళని చేరదీసి నేర్పింది. అప్పుడప్పుడే ఊళ్ళోకి టీవీలు వస్తున్న రోజులు. టీవీ కొన్నవాడు ముందు దాన్ని చూసేవాడు కాదు, కప్పేవాడు. ఆ కప్పడానికి అందరికీ లేసు గుడ్డే కావాలి. అరుగు మీద కూర్చుని అల్లుతున్నవాళ్ళ దగ్గరికి రిక్షాలు వచ్చి ఆగేవి. లోవలక్ష్మి మనసులో ఒక కోరిక మొలిచింది. ఈ అరుగు మీద కాకుండా, బజారులో, పేరు బోర్డు కట్టిన చోట కూర్చోవాలని. మొగుడు ఊరందరికీ కొట్లు ఇప్పించే మనిషి, అడిగితే కాదంటాడా? సమయం చూసి అడుగుదామని ఊరుకుంది.

ఎనభై నాలుగులో అచ్చిబాబు గారు దేవీచౌక్ దగ్గర మూడంతస్తుల కాంప్లెక్స్ లేపారు. అందులో మూల కొట్టు రెండు వీధులకీ ముఖం ఉన్నది, రెండు షట్టర్లది. దాని కోసం పెద్ద పెద్దవాళ్ళు పోటీ పడ్డారు. ఆషాఢమాసంలో ఒక మధ్యాహ్నం, ఆనవాయితీ ప్రకారం, గున్నేశ్వరరావు అందులో చాప వేసుకుని పడుకున్నాడు.

బయట వాన సన్నగా పడుతోంది. కొత్త సున్నం వాసన, తడి సిమెంటు వాసన, గోదావరి మీంచి వచ్చే గాలి. వీధి చప్పుళ్ళు వినాలని చెవి ఒగ్గాడు. వాన చప్పుడు అన్నిటినీ కప్పేసి, తనొక్కటే ఒకే మాట పదేపదే చెబుతున్నట్టు ఉంది. ఆ మాట ఏమిటో పట్టుకుందామని వెంటపడుతూ వెంటపడుతూ, ఆ మొదటి కునుకు తర్వాత ఇన్నేళ్ళకి, గున్నేశ్వరరావు మళ్ళీ కొట్టులో నిజంగా నిద్రపోయాడు. నిద్రపోయి, జన్మలో మొదటిసారి కల కన్నాడు.

కలలో అదే కొట్టు. గోడల నిండా తెలుపు. పైనుంచి కిందికి తెల్లటి లేసులు వేలాడుతున్నాయి, గాలికి ఒకదాన్నొకటి తాకి నెమ్మదిగా తిరుగుతున్నాయి. వాటి కంతల్లోంచి వెలుతురు పడి గచ్చు మీద పువ్వులు కదులుతున్నాయి. గల్లాపెట్టె వెనక లోవలక్ష్మి కూర్చుని ఉంది. కళ్ళజోడు పెట్టుకుంది. ఒక గుడ్డ చేతుల మీద పరిచి ఎవరికో చూపిస్తోంది. ఉన్నట్టుండి తలెత్తి గుమ్మం వైపు చూసి నవ్వింది. ఎన్నాళ్ళనుంచో చూడని నవ్వు, పెళ్ళైన కొత్తలో నరసాపురం రేవు దగ్గర గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు నవ్విన నవ్వు. కొట్టంతా వెతికాడు. తను ఎక్కడా లేడు.

మెలకువ రాగానే చాప కూడా చుట్టకుండా బయటికి వచ్చేశాడు.

ఇందులో భయపడటానికేముందని ఇప్పటివాళ్ళు అడుగుతారు. ఆ బజారు సంగతి వాళ్ళకేం తెలుసు? ఆ రోజుల్లో ఆ వీధుల్లో గల్లా దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ మొగుడు పోయాక పిల్లల కోసం కూర్చున్నవాళ్ళే. గల్లా దగ్గర ఆడమనిషి కనిపిస్తే కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు ముందు ఆమె నుదురు చూసేవారు, తర్వాత సరుకు చూసేవారు. గున్నేశ్వరరావు తనే ఎన్నోసార్లు అలా చూశాడు. ఇప్పుడు కలలో చుట్టూ తెలుపు, మధ్యలో భార్య, తను లేడు. ఇంత విడమర్చి చెప్పాక కూడా అర్థం కాకపోవడానికి అతనేమైనా పసివాడా? ఊరికి అబద్ధపు కలలు అమ్మినందుకు దేవుడు ఒక్క నిజమైన కల పంపించాడు అనుకున్నాడు.

అన్నిటికన్నా బాధపెట్టింది ఒక్క విషయం. కలలో లోవలక్ష్మి నుదుట బొట్టు ఉందా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. నవ్వు గుర్తుంది, కళ్ళజోడు గుర్తుంది, ముంజేతి మీద దారపు పోగు అంటుకుని ఉండటం కూడా గుర్తుంది. నుదుటి దగ్గరికి వచ్చేసరికి వెలుతురు అడ్డం వచ్చేస్తోంది. అది తేలేదాకా ఆ కొట్టు ఎవరికీ ఇవ్వకూడదనుకున్నాడు.

"మూల కొట్టు ఇప్పుడే వద్దండి. కునుకు కుదర్లేదు" అని అచ్చిబాబు గారితో చెప్పాడు.

"మీరు కాదంటే కాదనే కదండీ" అన్నారు అచ్చిబాబు గారు. కొంచెం దిగులు పడ్డారు గానీ షట్టర్లు దింపించేశారు.

ఆ తర్వాత అతని బతుకు విచిత్రంగా తయారైంది. బొట్టు చూడాలన్న ఆశతో ఖాళీ దొరికినప్పుడల్లా మూల కొట్టు సగం షట్టరెత్తి లోపలికి దూరి పడుకునేవాడు. ఒకసారి తలుపు తెరుచుకున్న ఇంట్లోకి పిల్లీ కుక్కా వచ్చినట్టు, కలలు ఇప్పుడు వరసగా వచ్చేవి. కావలసిందొక్కటే రాదు. కలలో తను ఇచ్చిన కొట్లన్నీ షట్టర్లు ఎత్తుకుని పడవల్లా గోదావరిలో దిగువకి పోతుండేవి. స్టీలు బిందెలాయన తెడ్డు వేస్తూ "వస్తారాండి, నరసాపురం దాకా వెళ్ళొద్దాం" అని పిలిచేవాడు. మరోసారి కాంప్లెక్స్ మెట్ల మీద వరి నాటుతున్నారు. ఇంకోసారి తను అచ్చం తుంగచాప అయిపోయి ఉన్నాడు, ఎవరో తన మీద పడుకుని హాయిగా నిద్రపోతున్నారు. సాయంత్రం లేచి రోడ్డు మీదికి వస్తే, ఊరు నీళ్ళలో ముంచి తీసినట్టు మెత్తగా కనిపించేది. పోబోయేవాడికి లోకం ఇంత అందంగా కనిపిస్తుందేమో అనుకునేవాడు. ఆ అందానికి ఏడుపొచ్చేది.

ఇలా ఏడాది గడిచింది. మూల కొట్టు మూసే ఉంది. ఈ సంగతి లోవలక్ష్మి చెవిన పడింది. రెండు వీధుల కొట్టు ఖాళీగా ఉంటే ఆమె మనసు ఊరుకుంటుందా? మొగుడితో చెబితే యజమానిని అడగడానికి మొగమాటపడతాడని, తనే తిన్నగా అచ్చిబాబు గారి ఇంటికి వెళ్ళి, వాళ్ళావిడ అన్నపూర్ణమ్మ గారికి తను అల్లిన గుడ్డలు చూపించి, కొట్టు అడిగింది. అన్నపూర్ణమ్మ గారు మురిసిపోయారు. అచ్చిబాబు గారు నవ్వి, "మాదేముందమ్మా, మీ ఆయన కునుకు కుదిరిందంటే కొట్టు మీదే" అన్నారు.

ఆ సాయంత్రం గున్నేశ్వరరావు ఇంటికి వచ్చేసరికి కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏవండీ, మూల కొట్టు నాకిప్పించండి. అచ్చిబాబు గారు సరేనన్నారు. మీ మాట కోసమే ఆగారు."

అతను గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు.

"ఆ కొట్టు మంచిది కాదు లోవా."

"అంటే ఏంటండి?"

"కునుకు కుదర్లేదు."

ఆమె గొంతు తగ్గించి అంది. "మీ కునుకుల సంగతి నాకు తెలీదాండి? ఊరికి చెప్పే మాట నాకు చెప్తున్నారా? బిందెలాయనకి కుదిరింది, దుప్పట్లాయనకి కుదిరింది, పిప్పరమెంట్లు అమ్మేవాడికి కూడా కుదిరింది. ఇన్నేళ్ళలో ఒక్కటి అడిగాను, నాకే కుదరలేదు. ఇష్టం లేదంటే ఇష్టం లేదని చెప్పండి, నేనేం అనుకోను."

నేనేం అనుకోను అన్న ఆడమనిషి ఎంత అనుకుంటుందో పెళ్ళైన ప్రతివాడికీ తెలుసు. కానీ ఆమె కోప్పడలేదు. సూది, దారం తీసి బుట్టలో పెట్టేసింది. మర్నాడూ తియ్యలేదు. ఆ మరునాడూ తియ్యలేదు. కూర ఉడుకుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆ ఖాళీ చేతులు చూస్తుంటే గున్నేశ్వరరావుకి ప్రాణం విలవిల్లాడింది. తను పోతే ఈమె ఏమైపోతుందో అని ఏడాదిగా బాధపడుతున్నాడు. తను ఉండగానే ఈమె ఇలా అయిపోతుంటే ఇక తను ఉండి ఏం లాభం?

అలా అనుకున్న క్షణంలోనే తేల్చేసుకున్నాడు. తిన్నగా అచ్చిబాబు గారి దగ్గరికి నడిచాడు.

"మూల కొట్టులో ఏం చూశానో చెప్పలేదు కదండీ. లేసులు చూశానండి. తెల్లగా, కొట్టు నిండా."

"మరి అప్పుడే చెప్పలేదేంటండి?"

"సొంత మనిషి కదండీ. బాగోదని ఊరుకున్నాను."

అతను కొట్ల గురించి చెప్పిన కలల్లో నిజమైనది ఇదొక్కటే. చెప్పి బయటికి వచ్చి, రిక్షా ఎక్కకుండా, గోదావరి గట్టు వెంట ఇంటికి నడిచాడు. చావు కాగితం మీద సంతకం పెట్టి వస్తున్నట్టు ఉంది. అవతలి ఒడ్డున కొవ్వూరు మసగ్గా ఉంది. భయం వేసింది, అంతకు మించి సంతోషం కూడా వేసింది. రెండూ కలిస్తే ఏమవుతుందో దానికి పేరు లేదు.

ఇక మిగిలిన రోజుల్ని అతను చక్కబెట్టుకోవడం మొదలుపెట్టాడు. కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలో, గ్యాస్ బండ ఎలా బుక్ చెయ్యాలో లోవలక్ష్మికి చూపించాడు. కూతుర్ని చూడాలని తణుకు వెళ్ళి, ఏ పనీ లేకుండా అల్లుడి పక్కన కూర్చుని, ఏ మాటా లేకుండా తిరిగొచ్చాడు. పాత స్నేహితులని పలకరించాడు. వాళ్ళు ఇతనికేదో ప్రమోషన్ వచ్చిందనుకున్నారు. "ఈయనేంటి, ఇంత మంచివాడైపోయాడు" అని లోవలక్ష్మికి అనుమానం వచ్చింది కానీ, కొట్టు పనుల హడావిడిలో దాన్ని పట్టించుకోలేదు.

శ్రావణ శుక్రవారం ముహూర్తం. మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అన్నపూర్ణమ్మ గారు టీవీ గుడ్డ కొని బోణీ చేశారు. లోవలక్ష్మి జరీ చీర కట్టుకుని, కళ్ళజోడు సర్దుకుంటూ గల్లా దగ్గర కూర్చుంది. గున్నేశ్వరరావు మాత్రం, "పైన మేస్త్రీలు పిలుస్తున్నారు" అని చెప్పి మెట్లెక్కాడు. పైన మేస్త్రీలెవరూ లేరు. పిట్టగోడ పట్టుకుని కింద వీధిలో జనాన్ని చూస్తూ నిలబడ్డాడు.

కలలో తను లేడు కాబట్టి, లేసులు వేలాడాక ఆ కొట్టులో తను అడుగు పెట్టడం విధికి ఎదురెళ్ళడమని అతని లెక్క. ఎదురెళితే ఆ కోపం లోవలక్ష్మి మీదికి మళ్ళుతుందేమోనని ఇంకో లెక్క. భయపడ్డవాడి లెక్కలకి ఎక్కాలు వేరే ఉంటాయి. రోజూ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి, మెట్టు మీద పెట్టి, "వస్తానే" అని వెళ్ళిపోయేవాడు. ఎదురుగా సోడా కొట్టు చూరు కింద నిలబడి ఆమె తినేదాకా చూసేవాడు. బేరం బాగా నడుస్తోంది. టీవీ గుడ్డలు, సోఫా గుడ్డలు, ఫోను కింద వేసే గుండ్రటి గుడ్డలు. జనం ముందు ఆమె నుదురు చూసేవారు, బొట్టు చూసి కొంచెం తికమకపడేవారు, తర్వాత సరుకులో పడిపోయేవారు. సంతోషంగా ఉంది లోవలక్ష్మి. అది చూసి అతనూ సంతోషపడేవాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని, ఇంకా కొట్టుకుంటోందా లేదా అని చూసుకునేవాడు.

భాద్రపదం వెళ్ళాక ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. క్యారేజీ మెట్టు మీద పెట్టి వెనక్కి తిరగబోతుంటే రోడ్డు కనిపించకుండా కురవడం మొదలైంది. కొట్టులో బేరగాళ్ళు లేరు.

"ఏవండీ, లోపలికి రండి. తడిసిపోతున్నారు."

"ఫర్లేదులే. తగ్గిపోద్ది."

లోవలక్ష్మి గల్లా వదిలి గుమ్మం దాకా వచ్చింది. ఆమె లోపల, అతను బయట, మధ్యలో షట్టరు గాడి.

"మీకు నామోషీగా ఉందాండి, నేనిలా బజార్లో కూర్చోవడం?"

"ఛ, అదేం మాట."

"మరేంటండి? కొట్టు తెరిచిన్నాటినుంచీ గుమ్మం తొక్కలేదు మీరు. భిక్ష వేసినట్టు క్యారేజీ మెట్టు మీద పెట్టి పోతున్నారు. పక్క కొట్టు మందులాయన అడుగుతున్నాడు, మీ ఆయనకీ మీకూ మాటల్లేవా అమ్మా అని. ఏం చెప్పమంటారు?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గున్నేశ్వరరావు ఇక ఆగలేకపోయాడు. వానలో నిలబడే, చూరు నీళ్ళు మెడ మీంచి కారుతుండగా, కల మొత్తం చెప్పేశాడు. రాని కలల్ని అంత గడగడా చెప్పిన మనిషికి వచ్చిన కలని చెప్పేసరికి నోరు పెగల్లేదు. తెల్లటి లేసులు, కళ్ళజోడు, గల్లా, తను లేకపోవడం, బొట్టు గుర్తు రాకపోవడం, అన్నీ తడబడుతూ చెప్పాడు.

లోవలక్ష్మి విన్నది. ఆమె ముఖం తెల్లబోయింది.

"చచ్చిపోతానని నమ్మారా మీరు?"

"ఇప్పటికీ నమ్ముతున్నానే."

"అలా నమ్మి, ఈ కొట్టు నాకెందుకిప్పించారండి?"

"నువ్వు అడిగావు కదా."

ఆమె కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కసురుతుందో, ఏడుస్తుందో అని అతను చూస్తున్నాడు. ఆమె రెండూ చెయ్యలేదు.

"కలలో నేనేం చేస్తున్నాను? మళ్ళీ చెప్పండి."

"ఎవరికో గుడ్డ చూపిస్తున్నావు. తలెత్తావు. గుమ్మం వైపు చూసి నవ్వావు."

"గుమ్మంలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే నేనెవర్ని చూసి నవ్వానండి?"

గున్నేశ్వరరావు వెనక్కి తిరిగి వీధి వంక చూశాడు.

"నేను నవ్వడం చూసిందెవరు? లేసులు చూసిందెవరు? మీరేగా. లేనివాడికి ఎలా కనపడ్డానండి? గుమ్మంలో నిలబడ్డ మనిషికి కొట్టంతా కనపడుతుంది, తనొక్కడు కనపడడు. ఇంతమందికి కొట్లు చూపించారు, ఈ మాత్రం తెలీదా మీకు?"

అతను కాళ్ళకేసి చూసుకున్నాడు. కలలో తను ఎక్కడినుంచి చూశాడో ఏడాది పైగా ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లేసుల వరస, గల్లా, గచ్చు మీద పువ్వులు, అవన్నీ అలా కనిపించాలంటే నిలబడవలసిన చోటు ఒక్కటే. ఇదే మెట్టు. తను ఇక్కడే ఉన్నాడు. మొదటినుంచీ ఉన్నాడు. ఏడుపొచ్చింది గున్నేశ్వరరావుకి. వానలో అది ఎవరికీ తెలిసే వీలు లేదు కాబట్టి కావలసినంత ఏడ్చాడు. తర్వాత చెప్పులు విడిచి, షట్టరు గాడి దాటి లోపలికి అడుగు వేశాడు. ఏమీ జరగలేదు. గచ్చు మీద నీళ్ళు మడుగు కట్టాయి, అంతే.

"అయ్యో, సరుకు మీద పడతాయండి నీళ్ళు, ముట్టుకోకండి" అంది లోవలక్ష్మి గుడ్డలు పక్కకి లాగుతూ.

"ఎక్కడ చూసినా తెల్లగుడ్డలే. మరి ఎక్కడ నిలబడమంటావే?"

ఆమె గల్లా దగ్గరికి వెళ్ళి కూర్చుంది. అతన్ని ఓసారి పైనుంచి కింది దాకా చూసింది.

"అక్కడే ఉండండి" అంది. "నాకు కనపడేలా."